తూటా పోయిన తర్వాత

నా కూతురు బోర్లా పడుకుంటే, అది మళ్ళీ ఊపిరి తీసుకోవడానికి ఎవరో ఒకరు దాని కుడి భుజం మీద తట్టాలి. గట్టిగా అక్కర్లేదు. రైఫిల్ వెనక్కి తన్నినంత చాలు. చంటిపిల్లకు పాలు పట్టి వీపు తట్టినంత చాలు. ఆ తట్టు పడకపోతే ఊపిరి రాదు. ఇది జబ్బు కాదు, దేవుడి శాపం కాదు. ఒక పెద్దమనిషి తెలివితేటలు. అందుకే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

నా పేరు ప్రమీల. పోలీసు ఉద్యోగంలో ఉండగా బోర్లా పడుకుని రైఫిల్ కాల్చే పోటీల్లో పతకాలు తెచ్చాను. ఉద్యోగం మానేశాక హైదరాబాద్ శివార్లలోని దక్కన్ లక్ష్య అకాడమీలో కోచ్‌గా చేరాను. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ "మా కోడలు పండుకొనే మెడల్లు తెస్తది" అని చుట్టాలందరికీ చెప్పి నవ్వేది. నవ్వనీ. పడుకోవడం ఎంత కష్టమో పడుకున్నవాళ్ళకే తెలుసు.

పొజిషన్‌ను ఇల్లు కట్టినట్టు కట్టుకోవాలి. ముందు ఎడమ మోచెయ్యి చాప మీద గుంజలా నాటాలి. రైఫిల్‌ను చేతికి కట్టే పట్టీ బిగించి దాని బరువును ఎముక మీద నిలపాలి. కండ అలసిపోతుంది, ఎముక అలసిపోదు. కుడి మోకాలు పైకి లాక్కుంటే పొట్ట నేల మీద నుంచి కాస్త లేస్తుంది, గుండె దడ రైఫిల్‌కు అందదు. చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలి, కళ్ళు తెరిచి చూడాలి. గురి నల్లచుక్క మీద లేకపోతే రైఫిల్‌ను తోయకూడదు, నడుము జరపాలి. చేత్తో తోసి తెచ్చిన గురి తూటా పోయేలోపే జారిపోతుంది. ఇది నా ఒంటికి పట్టడానికి ఆరేళ్ళు పట్టింది.

నా కూతురు ఉజ్వలకు అంత ఓపిక లేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల, చెయ్యి మంచిది, కన్ను మంచిది, కుదురు మాత్రం లేదు.

"రైఫిల్ జరపకు, నడుము జరుపు బిడ్డా" అంటాను.

"జరుపుతనే ఉన్న గద అమ్మా! నీకు ఆరేండ్లు పట్టింది. నాకూ ఆరేండ్లు పడితే అప్పటికి టీమ్‌ల నన్నెవరు తీసుకుంటరు?" అంటుంది.

ఆ మాట అకాడమీ మేడ మీది ప్రయోగశాలలో డాక్టర్ నీలకంఠం చెవిన పడింది.

*

అంతకు ముందే ఆయన నా పొజిషన్‌ను అచ్చు తీసుకున్నాడు. అచ్చు అన్నది ఆయన పెట్టిన పేరే. చూడటానికి మామూలు షూటింగ్ కోటు. లోపల మాత్రం వెంట్రుకకన్నా సన్నటి తీగలు ఒళ్ళంతా అల్లి ఉంటాయి. ఏ కండ వదులు, ఏ కండ బిగువు, ఊపిరి ఎక్కడ ఆగింది, నరం ఏ క్షణాన ఏం చెప్పింది అన్నీ పట్టుకుంటుంది. ముందుతరం పిల్లల కోసం దాచిపెడతానన్నాడు. మంచిపనే కదా అని పడుకున్నాను.

ఒక్కో తూటా పేల్చి, పేల్చాక కూడా అలాగే కదలకుండా ఉన్నాను. అది మా పద్ధతి. ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తకూడదు. భుజం మీద పోటు పడ్డాక గురి మళ్ళీ చుక్క మీదికి తనంతట తాను వస్తుందో లేదో చూసి, అప్పుడు ఊపిరి తీసుకుని, అప్పుడు కట్టిన పొజిషన్ విప్పాలి. చాప పక్కన పెట్టిన తెరలో నా గీతలు పాకుతున్నాయి. రైఫిల్ తన్నినప్పుడల్లా అవి పిచ్చి పట్టినట్టు ఎగిరిపడుతున్నాయి. అది చూసి నీలకంఠం మొహం చిట్లించాడు.

"ఇక్కడి నుంచి కట్ చేసేద్దాం మేడమ్. ఈ కుదుపు వల్ల అచ్చు పాడవుతోంది."

"కట్ చెయ్యకున్రి సార్. తూటా పోయినంక గూడ పొజిషన్ ఉంటది."

"తూటా వెళ్ళాక ఏముంటుందండీ? స్కోరు అయిపోయింది కదా!"

ఆయన జన్మలో ఒక్క తూటా కాల్చలేదు. కాల్చినవాళ్ళెవరూ ఆ మాట అనరు. మళ్ళీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నవ్వి, తెర వైపు తిరిగాడు.

ఆ అచ్చు కోటునే నాకు చెప్పకుండా ఉజ్వలకు తొడిగాడు. అది మైనారిటీ తీరిన పిల్ల, తనే సంతకం పెట్టింది. కోటు తొడుక్కుని పడుకుంటే చీమలు కుట్టినట్టు నరాలకు చురుకులు తగులుతాయట, ఒళ్ళు తనంతట తానే నా ఒళ్ళు పడ్డ తీరుకు వచ్చేస్తుందట. కొన్నాళ్ళు పోతే కోటు కూడా అక్కర్లేదు, ఒంటికి గుర్తుండిపోతుంది.

నాకు తెలిసింది రేంజ్‌లో. ఉజ్వల చాప మీద పడుకుంది. వెనక నుంచి చూశాను. ఎడమ పాదం బయటికి తిరిగి, చిటికెన వేలి మీద ఆని ఉంది.

అది నా పాదం. చిన్నప్పుడు బావి మెట్ల మీద జారితే చీలమండ విరిగి వంకరగా అతుక్కుంది. అలా పెట్టమని నేను ఎవ్వరికీ నేర్పను, అది తప్పు. నిక్షేపంలాంటి కాలున్న నా కూతురు నా కుంటిపాదం పెట్టుకుని పడుకుంది. కాల్చిన ప్రతి తూటా నల్లచుక్క నడుమనే పడుతోంది.

ఇంటికి వెళ్ళేదాకా ఆగలేదు, అక్కడే తిట్టాను. అది నవ్వుతూ నా మెడ కౌగిలించుకుంది. "నీ పొజిషనే గదనే అమ్మా! బయటోళ్ళదా?" అంది. ఆ ఒక్క మాటకు కరిగిపోయి కోటు సంగతి వదిలేశాను.

*

ఆదివారం మధ్యాహ్నం. మాంసం కూర తిని అందరం బద్ధకంగా ఉన్నాం. మా ఆయన సుదర్శన్ బస్సు డిపోలో మెకానిక్, ఆదివారం కూడా ఏదో ఒకటి విప్పుతూ కూర్చుంటాడు. ఆ రోజు ఫ్యాను విప్పాడు. ఉజ్వల చాప మీద బోర్లా పడుకుని ఫోన్ చూస్తూ నిద్రలోకి జారింది. చిన్నప్పటి నుంచీ దాని పడకే అంత. ఒక మోకాలు పైకి లాక్కుని, చెంప చేతికి ఆనించి పడుకుంటుంది. చూడండి, అది అచ్చంగా రైఫిల్ పొజిషనే.

ఎడమ పాదం బయటికి తిరిగింది.

నాకెందుకో దాని వీపు మీద చూపు నిలిచింది. వీపు లేవడం లేదు. కాసేపు చూశాను. లేవడం లేదు. వంగి చూస్తే పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"ఉజ్జీ! ఉజ్జీ, లే!" అని ఊపాను. సుదర్శన్ స్క్రూడ్రైవర్ పారేసి వచ్చి నీళ్ళు చల్లాడు. కళ్ళు తెరిచింది. తెరిచి నావైపు ప్రశాంతంగా చూసింది, ఊపిరి మాత్రం తీసుకోలేదు. అది కళ్ళు తెరిచి నన్ను చూస్తూనే చనిపోతోంది. భయంతో చెయ్యి ఎక్కడ పడిందో తెలియకుండా కొట్టాను. కుడి భుజం మీద పడింది. బావిలో మునిగి తేలినట్టు ఒక్కసారిగా ఊపిరి లాగింది.

"ఏమైంది బిడ్డా? గుండెల నొప్పి లేసిందా?" అని తండ్రి దాన్ని లేపి కూర్చోబెట్టాడు.

"ఏం గాలేదు నాన్నా. నొప్పి లేదు." అని మొహం తుడుచుకుంది. "ఊపిరి కావాలె అని అసలు అనిపియ్యలేదు."

ఆ మాటతో నాకంతా అర్థమైపోయింది. వాళ్ళు నా ఊపిరి ఆగడం వరకు అచ్చు తీశారు, భుజం మీద పోటు పడగానే కత్తిరించారు. ఊపిరి మళ్ళీ తీసుకోవడం ఆ అచ్చులో లేదు. పొజిషన్‌లోకి వెళ్ళే దారి నా బిడ్డ ఒంటికి ఎక్కించారు, బయటికి వచ్చే దారి చెత్తబుట్టలో వేశారు. ఆ పొజిషన్ పడగానే దాని ఒళ్ళు తూటా కోసం ఎదురు చూస్తుంది. తూటా పేలి భుజం మీద తన్నితేనే వదులుతుంది. చాప మీద నిద్రపోయే పిల్లకు తూటా ఎక్కడి నుంచి వస్తుంది?

మర్నాడు మేడ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. నీలకంఠం అంతా విని, కంగారు పడకపోగా కళ్ళు మెరిపించాడు.

"ఎంతసేపు ఆగిందంటారు? అంటే కుదురు అంత లోతుగా దిగిందన్నమాట! మేడమ్, ఇది మనం ఊహించని వరం."

"వరమా? పిల్ల నీలంగైంది సార్!"

"స్పృహ తప్పితే శరీరం తనే తీసుకుంటుందండి. ప్రాణానికేం భయం లేదు."

"మీరు చూసిన్రా? ఎవర్నన్న పండవెట్టి చూసిన్రా?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. "మిగిలింది గూడ ఎక్కియ్యున్రి, నేను మళ్ళ పండుకుంట, ఊపిరి తీసుకునేదాక అచ్చు తియ్యున్రి" అన్నాను. అలా చేస్తే కుదుపు కూడా ఎక్కుతుందట, స్కోరు పడిపోతుందట. జాతీయ జట్టు ఎంపిక పోటీలు దగ్గర పడ్డాయి కనుక అవి అయ్యాక చూద్దామన్నాడు. చివరికి చల్లగా ఇంకో మాట కూడా అన్నాడు.

"ఈలోపు అమ్మాయిని వెల్లకిలా పడుకోమనండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకో నిమిషం అక్కడుంటే ఆయన తెర ఆయన నెత్తి మీదే పగిలేది.

మా ఇంట్లో ఆ నాటి నుంచి నిద్ర లేదు. సుదర్శన్ ఉజ్వల చొక్కాలన్నిటికీ ముందువైపు సంచులు కుట్టి, టెన్నిస్ బంతులు పెట్టాడు, పొర్లితే గుచ్చుకోవాలని. పిల్ల పక్కన ఒకరం పడుకుంటే ఇంకొకరం కూర్చునేవాళ్ళం. మంచం మీద కదలిక వినపడితే చాలు, నిద్రలోనే నా చెయ్యి దాని భుజం వెతుక్కునేది. బస్సు ఇంజన్ శబ్దం విని రోగం చెప్పే మనిషి, కూతురి ఊపిరి శబ్దం కోసం చెవి ఒగ్గి కూర్చునేవాడు. ఒకనాడు సంచి కుడుతూ, సూది గుచ్చుకుని, "నా బిడ్డను బండి అనుకున్నరా వీళ్ళు?" అన్నాడు.

*

ఎంపిక పోటీకి వెళ్ళొద్దన్నాను. ఉజ్వల వినలేదు.

"ఆలోచించు అమ్మా. రైఫిల్ చేతిల ఉన్నంతసేపే గద నాకు భయం లేంది! తూటాకో ఊపిరి. ఇంట్లకన్న అక్కడే నయం."

నిజమే. నా బిడ్డకు చాప మీద నిద్రకన్నా తుపాకీ పక్కనే క్షేమమట. ఆ నిజం విన్నప్పుడు కలిగిన కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియక పోపు మాడ్చాను.

పోటీ మా రేంజ్‌లోనే జరిగింది. షూటర్లు వరసగా చాపల మీద పడుకున్నారు. వాళ్ళ వెనక తాడు, తాడు వెనక కోచ్‌లు, తల్లిదండ్రులు. తాడు దాటి ఎవరూ పోకూడదు, కాల్చే గీత మీద ఉన్న షూటర్‌ను ఎవరూ ముట్టకూడదు. రేంజ్ ఆఫీసర్ ఖాదర్ భాయ్. నేను రైఫిల్ పట్టిన నాటి నుంచీ ఆయన్ను ఎరుగుదును. రూల్ విషయంలో సొంత తమ్ముణ్ణి కూడా వదలడు.

ఉజ్వల దంచేస్తోంది. తూటా, ఊపిరి. తూటా, ఊపిరి. నేను టార్గెట్ వైపు చూడనే లేదు, దాని వీపే చూస్తున్నాను. ఇంకో డజను తూటాలు మిగిలాయనగా, టక్ మని చిన్న శబ్దం వచ్చింది. అంతే.

తూటా పేలలేదు. పుచ్చుతూటా. వేలల్లో ఒకటి అలా వస్తుంది. అలాంటప్పుడు రూల్ ఏమిటంటే, కదలకూడదు. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కనుక రైఫిల్ టార్గెట్ వైపే ఉంచి కాసేపు అలాగే ఉండాలి. ఉజ్వల అలాగే ఉంది. ఖాదర్ భాయ్ దాన్ని చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. చూసేవాళ్ళందరికీ అది రూల్ పాటిస్తున్న బుద్ధిమంతురాలు.

దాని వీపు లేవడం లేదు.

నేను తాడు కిందనుంచి దూరాను.

"ప్రమీలమ్మా! లైన్ మీదికి పోవద్దు! పోతే పిల్ల ఔట్ అయితది!" అని ఖాదర్ భాయ్ అరుస్తూనే ఉన్నాడు. మోకాళ్ళ మీద పడి, కుడి భుజం మీద తట్టాను. ఊపిరి వచ్చింది. దానితో పాటు ఏడుపూ వచ్చింది.

"ఎందుకొచ్చినవే అమ్మా! ఇంకొన్నే ఉండె! గెలుస్తుంటి!"

"ఊపిరి లేదే పిచ్చిదానా!"

"నాకు తెలుస్తలేదు గద!" అని చాప మీద మొహం దాచుకుని వెక్కింది. ఖాదర్ భాయ్ వచ్చి, నా మొహం చూడకుండా, పిల్ల పోటీలోంచి ఔట్ అని చెప్పాడు. రూల్ ప్రకారం ఆయన చేసింది సరైనదే.

ఉజ్వల పక్కనే కూర్చున్న నేను అప్పుడు పక్క చాప వైపు చూశాను. అక్కడొక కుర్రాడు పడుకుని కాలుస్తున్నాడు. ఎడమ పాదం బయటికి తిరిగి చిటికెన వేలి మీద ఆని ఉంది. ఆ అవతల ఒక అమ్మాయి, ఆమెదీ అంతే. గీత చివర ఇంకొకడు. మా ఊరి బావి మెట్ల మీద విరిగిన నా పాదం ఎవరెవరి పిల్లల కాళ్ళకో అతికి ఉంది.

తాడు వెనక్కి వెళ్ళి ఆ కుర్రాడి తల్లి ఎవరని అడిగాను. అనసూయ అట, నిజామాబాద్ నుంచి వచ్చారట.

"మీ కొడుకు బోర్ల పండుకుంటడా అమ్మా?"

ఆమె మొహం పాలిపోయింది. "మీకెట్ల ఎరుక? నిద్రల ఊపిరి ఆగుతుందని దవాఖాన్లు తిరుగుతున్నం. పరీక్షలన్ని మంచిగనే ఉన్నయంటున్నరు. మా తరుణ్‌కు ఏమైందో ఎవ్వలు చెప్తలేరు" అంది.

ఎవరూ చెప్పలేదు. నేను ప్రయోగశాల మెట్లెక్కి అరిచి వచ్చిన తర్వాత కూడా, ఆయన ఈ తల్లికి ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె భుజం మీదే తట్టి చూపిస్తూ కుడి భుజం సంగతి చెప్పాను.

ఆ తర్వాత నేను చేసిన పనికి ముందే ఆలోచించి పెట్టుకున్నదేమీ లేదు. ఖాదర్ భాయ్ ఒక వరస షూటర్ల పోటీ ముగించి, ఇంకో వరసను మొదలుపెట్టబోయే ముందు, గీత దాటి నడిచాను. చాపలకూ టార్గెట్లకూ మధ్య గడ్డిలో బోర్లా పడుకున్నాను. ఎడమ మోచెయ్యి నాటాను, కుడి మోకాలు లాక్కున్నాను. రైఫిల్ లేదు, మిగతాదంతా ఉంది.

గీత ముందు మనిషి ఉంటే రేంజ్‌లో ఒక్క తూటా పేలకూడదు. ఎర్రజెండా లేవాలి. తూటాలు తీసేసి రైఫిళ్ళు తెరిచి పెట్టాలి. అది ఏ రేంజ్‌లోనైనా మొదటి రూల్. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి, ఆమెను లాగెయ్యండి, పోటీ ఆగిపోతుంది అన్నారు. ఇద్దరు నా చేతులు పట్టి లాగారు. ఆరేళ్ళు కట్టిన పొజిషన్ అది, వాళ్ళ లాగుడుకు కదులుతుందా? నీలకంఠం కిందికి దిగి వస్తే తప్ప లేవనన్నాను.

"మనిషి ముందటున్నంక జెండా దిగదు. రూల్ అంటే రూల్" అన్నాడు ఖాదర్ భాయ్. జెండా ఇంకాస్త పైకి కట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అనసూయ చీరకొంగు నడుముకు దోపుకుని వచ్చి నా పక్కన గడ్డిలో కూర్చుంది.

చివరికి నీలకంఠాన్ని మేడ దించారు. తెల్లచొక్కా, మెడలో కార్డు.

"మేడమ్, లేవండి. కూర్చుని మాట్లాడుకుందాం."

"నాతోని మాట్లాడాలంటే కిందికి రావాలె సార్. పండుకోవాలె."

చుట్టూ తల్లిదండ్రులు. ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. ఆయన అటూ ఇటూ చూసి, గడ్డి మీద రుమాలు పరిచి, బోర్లా పడుకున్నాడు.

"మోకాలు పైకి గుంజు. చెంప చేతికి ఆనియ్యి. ఊపిరి ఇడువు. ఇగ తీసుకోకు, నేను భుజం మీద తట్టేదాక తీసుకోకు."

"ఇదంతా ఎందుకండీ..."

"నా బిడ్డ చేస్తలేదా? ఆ పిలగాడు చేస్తలేడా? చెయ్యి!"

ఊపిరి వదిలాడు. ఆపాడు. నేను చెయ్యి ఎత్తి, ఆయన భుజం పైన గాల్లో పట్టుకున్నాను. మెడ నరాలు ఉబ్బాయి. చెవులు ఎర్రబడ్డాయి. వేళ్ళు గడ్డి పీకుతున్నాయి. ఒక్కసారి గుర్రుమని గాలి మింగుతూ మోకాళ్ళ మీదికి లేచాడు.

"నేనింకా తట్టలే సార్. ఎందుకు తీసుకున్నవ్?"

ఆయన దగ్గుతున్నాడు.

"నీ ఒళ్ళు అడిగింది, తీసుకున్నవ్. మా పిల్లల ఒళ్ళుకు అడుగుడు లేకుంట చేసినవ్. తూటా పోయినంక ఏముంటదని అడిగితివి గద? ఊపిరి ఉంటది సార్. గదే ఉంటది!"

ఆయన తల ఎత్తి తల్లుల మొహాలు చూశాడు. తర్వాత గడ్డి వైపు చూస్తూ, "అచ్చు తీద్దాం మేడమ్, చివరిదాకా తీద్దాం" అన్నాడు. ఎవరెవరి పిల్లలకు తొడిగాడో అందరి పేర్లూ అక్కడే, అందరి ముందూ చెప్పించాకే లేచాను.

*

అచ్చు మళ్ళీ తీశారు. ఈసారి గీతలు ఎగిరిపడ్డా ఎవరూ కట్ అనలేదు. ప్రతి తూటా తర్వాత నేను ఊపిరి తీసుకుని, పొజిషన్ విప్పి, లేచి కూర్చునేదాకా తీశారు. పిల్లలందరూ ఆ కోటు మళ్ళీ కొన్నాళ్ళు తొడుక్కున్నారు. నీలకంఠం భయపడినట్టే స్కోరు పడిపోయింది. ఉజ్వలకు ఆ ఏడాది జట్టులో చోటు దక్కలేదు.

కోటు విప్పేసిన రోజున మా హాల్లో చాప వేశాం. సుదర్శన్ గోడకు నల్లచుక్క అతికించాడు. ఉజ్వల బోర్లా పడుకుంది. రైఫిల్‌లో తూటా లేదు. మోచెయ్యి నాటింది, మోకాలు లాక్కుంది. ఎడమ పాదం బయటికి తిరిగింది, అది ఇక పోదట. ఊపిరి ఆగింది. ట్రిగ్గర్ నొక్కింది.

టక్.

పేలుడు లేదు, పోటు లేదు. నా చెయ్యి దాని భుజానికి బెత్తెడు పైన ఉంది. బంతుల సంచులు విప్పుతున్న సుదర్శన్ నోట్లో దారం పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను దాని వీపునే చూస్తున్నాను. తట్టనా, ఆగనా?

వీపు లేచింది. మెల్లగా, నిండుగా లేచి, దిగింది.

"తట్టకే అమ్మా. నేనే తీసుకున్న" అంది రైఫిల్ పక్కన పెడుతూ.

అయినా తట్టాను.